అరగంట పనికి సింగపూర్

మా ఆయన అరగంట అన్నాడు. పుట్టపాకలో మా ఇంటి మగ్గం గుంటలో కూర్చుని, కాళ్లు ఆడిస్తూ ఫోన్‌లో అన్న మాట అది. "సింగపూర్ల మగ్గం బిగించుడు ఎంతసేపు బిడ్డా? అరగంట." ఆ అరగంట ఎట్లా గడిచిందో చెప్పమని మా వాడకట్టు ఆడవాళ్లు తిరిగొచ్చిన రోజు నుంచీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి రాసి పెడుతున్నాను. ఆయన చదువుతాడన్న భయం లేదు. ఆయన కళ్లజోడు వెతుక్కునేలోపు నేను ఇంకో పది పేజీలు రాయగలను.

ఫోన్‌లో అవతల ఉన్నది లావణ్య, మా చెల్లెలి బిడ్డ. ఏదో బ్యాంకులో కంప్యూటర్ల పని, పన్నెండేళ్లుగా సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో కాపురం. ఈ ప్రయాణమంతా ఆమె తలపెట్టిందే.

కార్డులో ఉన్న పేరు

అక్కడ బిషాన్ దగ్గర ఒక హాల్లో ప్రదర్శన పెడుతున్నారట. స్పెయిన్ ఓడలు అమెరికా ఖండానికి చేరకముందు అక్కడి ఆడవాళ్లు ఏం పనులు చేసేవాళ్లు, ఊళ్లో వాళ్లకు ఎంత విలువ ఉండేది అన్నది విషయం. నేత అందులో పెద్ద భాగం కాబట్టి మెక్సికో నుంచి ఒక నేతగత్తెను పిలిచారు. ఆమె పక్కన మన దేశం నుంచి కూడా ఒకరు కూర్చుంటే బాగుంటుందని లావణ్య ఎవరితోనో అంటే, వాళ్లు ఒక కాగితం పంపారు.

కాగితంలో నేసేవారి పేరు అని ఒక గడి ఉంది. మా ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. బీరువాలోంచి చేనేత కార్డు తీశాం, అందులో ఏ పేరుంటే అదే రాశాం. కార్డు ఆయనది. ఇద్దరిలో ఒక్కరికీ ఇంకో ఆలోచన రాలేదు. వీసా కాగితానికి నేనేం పని చేస్తానని రాయాలో లావణ్య అడిగితే, "నేనేం జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట" అన్నాను. అప్పటికి నా వేళ్లు ఎర్రగా ఉన్నాయి. ముందురోజే దారాన్ని రంగులో ముంచాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మా ఊరి బట్ట మీద కనిపించే పువ్వూ ఏనుగూ నేసేటప్పుడు వచ్చేవి కావు. నేతకు ముందే దారాన్ని ఆసు పోసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు ముక్క చుట్టి చిటికి కట్టాలి, అద్దాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి. ఆసు పోయడమంటే మేకుల వరస చుట్టూ చేత్తో దారం తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోయి రావాలి. ఇదంతా అయ్యాక ఆయన గుంటలోకి దిగి, దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే నాడె కొడతాడు. ఆ టకటక వీధి చివరి దాకా వినిపిస్తుంది. నా పనికి చప్పుడు లేదు.

లావణ్య తెలుగు చేసి పంపిన ఆ కాగితం చివర ఇంకో ముక్క ఉంది. మేం తీసుకెళ్లే బట్టను వాళ్లు అక్కడే ఉంచుకుంటారట. గాజుపెట్టెలో పెట్టి, కింద ఇత్తడి పలక మీద నేసినవారి పేరు చెక్కిస్తారట. ఆయన ఆ ముక్కను చాయ్ హోటల్లో మూడుసార్లు చదివి వినిపించాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా మా బట్టల మీద అమ్మే దుకాణం పేరే తప్ప ఆయన పేరు కూడా ఎక్కడా లేదు. ఆ పలక మీద నా పేరు ఉంటే బాగుండునని నాకు చాలా అనిపించింది. కానీ ఆయన ముఖంలో వెలుగు చూశాక నోరు విప్పలేదు.

గుండ్రంగా తిరిగే రైలు

గురువారం దిగాం. సెంగ్‌కాంగ్‌లో ఇళ్ల మధ్య తిరిగే ఒక చిన్న రైలుంది, దానికి డ్రైవర్ ఉండడు. మధ్యాహ్నం మేమిద్దరమే బయల్దేరాం. మూడో స్టేషన్‌లో దిగమని లావణ్య చెప్పింది. ఆయన అద్దం దగ్గర, డ్రైవర్ ఉండాల్సిన చోట నిలబడి తానే నడుపుతున్నట్టు చూస్తున్నాడు. మూడో స్టేషన్ వచ్చిందన్నాను. "నాకెర్కలేదా" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఆ రైలు గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వస్తుందని మాకు అప్పుడు తెలిసింది.

రెండో చుట్టులో కూడా మూడో స్టేషన్ దాటింది. అప్పటికి ఒక చైనా ముసలమ్మ మాతోపాటు ఎక్కి, మధ్యలో దిగి, కూరగాయలు కొనుక్కుని, తిరిగి అదే పెట్టెలోకి వచ్చింది. మమ్మల్ని చూసి నవ్వి, "అంకుల్ లైక్ ద ట్రైన్ ఆహ్?" అంది. ఆయన మర్యాదగా తల ఊపాడు.

తిండి దగ్గర ఇంకో ముచ్చట. ఇక్కడ హాకర్ సెంటర్ అని పెద్ద షెడ్డు కింద ముప్పై నలభై కొట్లు ఉంటాయి. తోసై అనే మన దోశ, చికెన్ రైస్, చేపల కూర, ఏదైనా అయిదారు డాలర్లలో పని అయిపోతుంది. ఆయన ప్రతి ముద్దనూ రూపాయల్లోకి మార్చి మింగుతుంటే లావణ్యకు విసుగొచ్చింది.

"పెద్దనాయినా, కన్వర్ట్ చేసుకుంటే ఇక్కడ నీళ్లు గూడ తాగలేవ్."

"తాగుతలేనా మరి? అందుకే ఇంటికాడికెల్లి సీసా తెచ్చుకున్న."

ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. హోటల్ వాళ్లు ఊరికే ఇచ్చారనుకుని ఆయన దాన్ని విప్పి చేతులు, ముఖం, మెడ అన్నీ తుడుచుకున్నాడు. ఇక్కడ బల్ల మీద టిష్యూ పెట్టి వెళ్తే ఆ చోటు నాది అని అర్థం, దాన్ని చోప్ అంటారు. బస్సు సీటులో మనం తువ్వాలు వేసినట్టే. నూడుల్స్ గిన్నెలు పట్టుకుని ఇద్దరు అబ్బాయిలు వచ్చి నిలబడి, సగం అయిపోయిన తమ ప్యాకెట్‌ను చూశారు. మేం లేచి వెళ్లేటప్పుడు ఆయన మిగిలిన టిష్యూలు వాళ్ల చేతిలో పెట్టాడు, తన సొంతవి ఇస్తున్నంత దర్జాగా.

మగ్గం బిగించుకోడానికి శుక్రవారమే రమ్మని హాలు వాళ్లు కబురు చేశారు. అరగంట పనికి ఒక రోజెందుకని ఈయన శనివారం పొద్దున వస్తామన్నాడు. అచ్చుకు పడుగు దారాలు కలిపే పని గుర్తుచేస్తూ నేను ఒకమాట అన్నాను. "మరి అచ్చు అతకాలె గద?"

"గదెంత పని" అన్నాడు.

నేను ఊరుకున్నాను. ఇంకో మాట గట్టిగా అని ఉండవచ్చు. అనకుండా పూల తోట చూడ్డానికి బయల్దేరాను. అది మంచి బుద్ధితో ఊరుకోవడం కాదని నాకు అప్పుడే తెలుసు.

మీసాల నేతగత్తె

శనివారం పొద్దున హాల్లోకి అడుగు పెట్టగానే గోడ మీద మా ఆయన కనిపించాడు. ఆరడుగుల ఫోటో. పైన రంగురంగుల అక్షరాల్లో నేత ఆడవాళ్లు అని రాసి ఉంది. ఎడమవైపు జడలకు రిబ్బన్లు కట్టుకున్న మెక్సికో ఆవిడ, కుడివైపు మీసాలు మెలేసి మా ఆయన, ఇద్దరి కిందా పేర్లు. 'నర్సింహ' అంటే ఆడపేరో మగపేరో వాళ్లకు తెలియదు కదా. ఫోటో చివరి రోజు వచ్చిందట. అప్పటికే పై అక్షరాలు అచ్చయిపోతే ఫోటోను కింద అతికించామని అక్కడి ఇన్‌చార్జి చెప్పింది. ఆమె పేరు షు హుయ్. ముప్పై ఏళ్లుంటాయి, మాట చాలా మెత్తన.

"వియ్ థాట్ ఆంటీ ఈజ్ ద వీవర్" అని ఆమె మెల్లిగా అంది. లావణ్య తెలుగులో చెప్పింది. ఆయన మీసం సర్దుకున్నాడు.

పుస్తకంలో సంతకాలు పెట్టించుకునే అమ్మాయి నన్ను మీ హస్బెండ్ పేరేమిటని అడిగింది. నేను గోడ మీద బోర్డు చూపించాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. లావణ్య నవ్వుతూ చెప్పింది, మా వైపు పెద్దవాళ్లు మొగుడి పేరు నోటితో అనరని. ఇందాక నేను రాసిన పేరు కూడా బోర్డు మీద చూసి రాసిందే, నోటితో అన్నట్టు కాదు. ఆయనా అంతే. నన్ను పిలవాలంటే 'ఇగో', కోపం వస్తే 'ఏమే', ఊళ్లోవాళ్ల ముందు 'ఇంట్లామె'. నా పేరు ఆయన నోటి నుంచి ఒక్కసారే విన్నాను. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు దారి అడ్డగించి, పేరు చెబితే గానీ లోపలికి రానివ్వమన్నప్పుడు చెప్పాడు. అది కూడా ఎవరికీ వినపడకుండా గొణిగాడు.

ప్రదర్శన బాగుంది. ఒక రాతి బొమ్మ ఫోటో ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు. మాయా అనే అక్కడి పాత జాతి రాణి, నెత్తిన పెద్ద ఈకల కిరీటం, కాళ్ల కింద పట్టుబడిన మగవాడు. "గా కిందోడు ఏం జేసిండట?" అని అడిగాడు. "అరగంట అని ఉంటడు" అన్నాను.

ఇంకో గోడ మీద మెక్సికో పట్నంలో అప్పటి పురుడు గురించి ఉంది. కాన్పు అయిన ఆడదాన్ని యుద్ధంలో గెలిచి వచ్చిన మనిషిలా మంత్రసాని పొగిడేదట. ఆడపిల్ల పుడితే కదురు, దారపుబుట్ట, చీపురు ఆ పసిగుడ్డు పక్కన పెట్టేవాళ్లట. స్నానం పోసి పేరు పెట్టాక, చిన్నపిల్లలను పిలిచి ఆ పేరును వీధిలో వినపడేట్టు గట్టిగా అరిపించేదట. బొడ్డుతాడు మాత్రం పొయ్యి దగ్గర పాతేవాళ్లు, ఇల్లు దాటకుండా ఉండాలని. లావణ్య అది చదివి చెబితే, ఆ చీపురు ఒక్కటీ అన్ని దేశాల్లోనూ ఉన్నట్టుంది అనుకున్నాను. సంతలో అమ్మేవాళ్లలోనూ, అక్కడ ధరలు కనిపెట్టుకునే పెద్దల్లోనూ ఆడవాళ్లు ఉండేవాళ్లట. రాజుకు కట్టే పన్నులో మూటలకొద్దీ బట్టలు ఉండేవి, అవన్నీ ఆడవాళ్లు నేసినవే.

చివర ఒక గాజుపెట్టెలో చిన్న చిన్న మట్టి బిళ్లలు పెట్టారు, కదురుకు అడుగున బరువు కోసం గుచ్చేవి. వాటి మీద పూలు, పక్షులు చెక్కి ఉన్నాయి. కింద కాగితం మీద చేసినవారి పేరు తెలియదు అని రాసి ఉంది. ప్రతి బిళ్ల కిందా అదే మాట.

ఆ అరగంట

మా కోసం అక్కడి వడ్రంగి ఒకతను కర్రతో చిన్న మగ్గం చేసి పెట్టాడు. దాని కోసం మేం ఇంటి నుంచి తెచ్చినవి రెండు. ఒకటి అచ్చు, అంటే పాత పడుగు కొసలు జానెడు మిగిలి ఉన్న దువ్వెనలాంటి పరికరం. రెండోది చుట్ట చుట్టిన కొత్త పడుగు. ఆయన చకచకా మేకులు కొట్టాడు, నేసిన బట్ట చుట్టే దోనె బిగించాడు, తాళ్లు కట్టాడు. నిజంగా అరగంటే పట్టింది. తర్వాత ఆగిపోయాడు.

ఇటు అచ్చులో పాత దారాల కొసలు వేలాడుతున్నాయి. అటు కొత్త దారాల కొసలు వేలాడుతున్నాయి. పదిహేను వందల పైచిలుకు దారాలు, ఒక్కొక్కదాన్నీ దాని జతకు వేలికొసలతో నలిపి అతకాలి. ఇంటి దగ్గర ఈ పని మొదలవగానే ఆయన చాయ్‌కి పోతాడు. పొద్దుగూకి వచ్చేసరికి నేనూ పక్కింటి వదినా కూర్చుని అతికి ఉంచుతాం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయనకు తెలిసింది ఏమిటంటే, చాయ్ తాగి వస్తే పడుగు అతుక్కుని ఉంటుందని.

పదకొండు గంటలకు నేత చూపిస్తామని బయట బోర్డు పెట్టారు. పదిన్నర అయింది. జనం వచ్చి కూర్చుంటున్నారు. ఆయన నా వైపు చూశాడు.

"ఇగో... ఇది ఎంతసేపైతది?"

"అరగంట" అన్నాను.

ఆయన ముఖం చూసి నాకే జాలేసింది. చీర కొంగు బిగించి కూర్చున్నాను. బూడిద కావాలని లావణ్యతో చెప్పాను. వేళ్లకు బూడిద రాసుకోకపోతే దారం జారుతుంది, అతుకు నిలవదు.

"సింగపూర్ల బూడిద ఎక్కడ దొరుకుతది పెద్దమ్మా? ఇక్కడ దుమ్ము గూడ లేదు!"

అప్పుడు హాలు తలుపు దగ్గర కూర్చునే కాపలా ఆయన లేచి వచ్చాడు. డెబ్భై ఏళ్ల మనిషి, నుదుట విభూతి రేఖలు. "ఏటి కావాలమ్మా?" అన్నాడు. ఆ 'ఏటి' అన్న మాట వినేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది. పేరు అప్పలస్వామి. వాళ్ల తాత విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చాడట. ఈయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, తెలుగు నేల ఎన్నడూ చూడలేదు.

"బూడిదా? తిరునీరు ఉందమ్మా నా కాడ. కోవెల్లో ఇచ్చింది, పెద్ద ప్యాకెట్టు. బోలే కదా?"

బోలే అంటే ఇక్కడి మలయ్ మాటలో సరిపోతుందా అని. సరిపోయింది. దేవుడి విభూతి వేళ్లకు రాసుకుని మొదటి దారం అతికాను. ఆ వాసనకు గుళ్లో కూర్చున్నట్టే ఉంది.

వచ్చినవాళ్లు ఎవరూ లేచి వెళ్లలేదు. నేత చూడ్డానికి వచ్చినవాళ్లు వేళ్లు చూస్తూ కూర్చున్నారు. ఒకామె కుర్చీ దగ్గరికి జరుపుకుని నాతోపాటు లెక్క పెట్టడం మొదలుపెట్టింది. మా ఆయనను ఎవరో అడిగారు, "అంకుల్, వాట్ డు యు డూ?" అని. లావణ్య తెలుగులో చెప్పింది.

"ఏం జేస్త? ఈమె అయ్యేదాకా కూసుంట" అన్నాడు.

చాయ్ హోటల్ దగ్గర్లో లేదు కాబట్టి ఆయన కదలడానికి వీల్లేక ఆ రోజంతా నా పక్కనే కూర్చుని చూశాడు. మధ్యలో తానూ పది దారాలు అతికాడు. పదీ తెగాయి. తర్వాత బుద్ధిగా విభూతి ప్యాకెట్ పట్టుకుని కూర్చున్నాడు.

మక్కరొట్టె

మెక్సికో ఆవిడ పేరు పెత్రా. నా వయసే ఉంటుంది. ఆమె మగ్గానికి గుంట లేదు, చట్రం లేదు. పడుగు ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస తన నడుముకు పట్టీలా వేసుకుంటుంది. వెనక్కి వాలితే దారం బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. చేతిలో చెక్క కత్తిలాంటిది, దాంతో పేకను దగ్గరికి కొడుతుంది. ఆమె లేచి వెళ్తే అక్కడ మగ్గమే ఉండదు, నాలుగు కర్రలూ కొంత దారమూ మిగులుతాయి. ఓడలు రాకముందు కూడా ఇదే మగ్గమట.

మధ్యాహ్నం నలుగురం ఆడవాళ్లం కలిసి తిన్నాం. పెత్రా మాటను షు హుయ్ ఇంగ్లీషు చేస్తే, దాన్ని లావణ్య తెలుగు చేసేది. ఒక నవ్వు అవతలి నుంచి ఇవతలికి చేరడానికి నిమిషం పట్టేది. పెత్రా సూపర్ మార్కెట్‌లో కొన్న మక్కరొట్టెల, అదే మొక్కజొన్న రొట్టెల ప్యాకెట్ తెరిచి ముఖం చిట్లించింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. ఎవరో చేసిన జొన్నరొట్టె తినాల్సి వస్తే నేనూ అట్లాగే పెడతాను. నేను ఇంటి నుంచి తెచ్చిన మిరపకాయ తొక్కు ఆమె రొట్టె మీద వేశాను. కళ్లలో నీళ్లు వస్తాయేమోనని చూశాను. ఆమె ఇంకో చెంచా అడిగింది. మక్కలూ మిరపకాయలూ రెండూ ముందు వాళ్ల దేశానివేనని షు హుయ్ చెప్పింది. ఇన్నాళ్లూ మన గుంటూరు దగ్గర పుట్టిందనుకున్న మిరపకాయ పెత్రా వాళ్ల పెరట్లోదని విని నేను తొక్కు సీసాను తిప్పి తిప్పి చూశాను.

పెత్రా నన్ను అడిగింది, నువ్వేం పని చేస్తావని. అలవాటైన జవాబే వచ్చింది.

"నేనేం చెయ్య, ఇంట్లనే ఉంట."

అది మూడు భాషలు దాటి ఆమెకు చేరింది. ఆమె నా ఎర్రటి వేళ్లనూ, వాటి మీద విభూతినీ, వెనక సగం అతికిన పడుగునూ చూసి పడీ పడీ నవ్వింది. తర్వాత చెప్పింది.

"మా అమ్మమ్మ కూడా అంతే. మక్కలు నూరి, రొట్టెలు చేసి, బట్ట నేసి, దాన్ని సంతలో అమ్మి వచ్చి, నేనేం చేయను అనేది."

ఓడలు రాకముందు అయితే అట్లా అని ఉండరేమో అన్నాను. పెత్రా తల అడ్డంగా ఊపింది. ఆ రోజులను మరీ బంగారం చేయవద్దంది. నేసిన బట్ట దొరకు పన్నుగా పోయేది, అమ్ముడుపోయిన ఆడవాళ్లూ ఉండేవాళ్లు, పెద్దింటి మగవాడికి పదిమంది పెళ్లాలు ఉండేవాళ్లు.

"అయితే ఒకటి. ఈ బట్ట ఎవరు నేశారని అప్పుడు ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆడది నేసిందని అందరికీ తెలుసు."

"మరి పేర్లు?" అన్నాను.

పెత్రా ఆ మట్టి బిళ్లల పెట్టె వైపు గడ్డంతో చూపించి రొట్టె తుంచింది. "పేర్లు మాకు కూడా మిగల్లేదు."

ఆ మాటకు నేను మళ్లీ ఆ బిళ్లల వైపు చూశాను. ఇత్తడి పలక మీద పేరు నాకెందుకు కావాలో అంతవరకు నాకే సరిగా తెలియదు. గొప్ప కోసం అనుకుని సిగ్గుపడ్డాను ఇన్నాళ్లూ.

సాయంత్రం అయిదుకు చివరి దారం అతికాను. జనం చప్పట్లు కొట్టారు. అచ్చు అతికితే చప్పట్లు కొడతారని పుట్టపాకలో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మడం లేదు.

ఆదివారం ఆయన వంతు. టకటకమని నాడె పరుగెత్తుతుంటే ఆయనకు పోయిన మీసం తిరిగొచ్చింది. నిజం చెప్పాలి, ఆయన చెయ్యి మంచిది. అంచు నూలుపోగంత కూడా తేడా రాదు. నేను పక్కన కూర్చుని నాడెలో పెట్టే కండెలకు దారం చుడుతున్నాను. ఒకామె కూతురిని తీసుకుని వచ్చి, ఆంటీ ఏం చేస్తారని అడిగింది. లావణ్య తెలుగులో చెప్పేలోపే నేను చెప్పాను.

"నేను నేత మనిషిని."

మగ్గం చప్పుడు ఆగింది. ఆయన నా వైపు చూస్తున్నాడని తెలిసి నేను తల ఎత్తలేదు. కాసేపటికి మళ్లీ టకటక మొదలైంది, కానీ కొంచెం నెమ్మదిగా.

ఇత్తడి పలక

సోమవారం మా చివరి రోజు. గాజుపెట్టె సిద్ధంగా ఉంది. ఊరి నుంచి తెచ్చిన మా ఎర్ర రుమాలును అందులో పరిచారు. నాలుగు నెలలు పట్టిన పని, మూడు నెలలు నా కట్టుడు, ఒక నెల ఆయన నేత. షు హుయ్ కాగితం పట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం పలక చెక్కడానికి ఇస్తారట. బోర్డు మీద ఉన్న పేరే రాయమంటారా అని ఆయనను అడిగింది.

లావణ్య నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆయన పలక సంగతి నెల రోజులుగా ఊరంతా చెప్పుకున్న మనిషి. అవునంటే అయిపోతుంది. నేనైతే అడగలేను.

ఆయన చెయ్యి చాచి వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"ఆసు పోసింది ఎవరు? ఈమె. చిటికి కట్టింది ఈమె. రంగు అద్దింది ఈమె. అచ్చు అతికింది ఎవరో మీరే జూసిన్రు." నాలుగు వేళ్లు మడిచి బొటనవేలు మిగిలింది. దాన్ని చూసుకుంటూ అన్నాడు, "నేసింది నేను. అండ్ల అబద్ధం లేదు. గని అది ఆఖరి పని."

లావణ్య ఇంగ్లీషులో చెబుతోంది.

"రెండు పేర్లు రాయమను బిడ్డా. ఆమెది మీద. నాది కింద." కాస్త ఆగి, "మరీ చిన్నగ గాదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటే, పొద్దున అప్పలస్వామి ఇస్తే నుదుట పెట్టుకున్న విభూతి కళ్లలో పడి ఇంకా ఎక్కువైంది. పెత్రా తన నడుము మగ్గంలోంచి లేవలేక అక్కడి నుంచే చెక్క కత్తి పైకెత్తి ఊపింది.

షు హుయ్ కలం తీసి ఆంటీ పేరేమిటని అడిగింది. లావణ్య నోరు తెరిచింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు, అచ్చం ఆనాడు గడప దగ్గర నిలబడ్డట్టే.

"అండాలు" అన్నాడు.

రాసుకోవడానికి ఇంకోసారి చెప్పమంది షు హుయ్. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈసారి తలుపు దగ్గర అప్పలస్వామి కూడా లేచి నిలబడి చూసేంత గట్టిగా చెప్పాడు.